మొదటి ముక్క ఎవరు తీసుకుంటారు

“కాత్రీ, ఇరవై రెండుమందికి పచ్చిచేప పెట్టబోతున్నాం. ఎవరికైనా ఏదైనా అయితే?”

నేను ఈ మాట అనేసరికి మా వ్యాను ఇంకా ఇంటి ముందునుంచి కదలనైనా లేదు. అల్లుడు యార్నో తాళం తిప్పబోయి ఆగాడు. ముందు సీట్లో కూర్చున్న మా అమ్మాయి కాత్రి నా వంక తిరగకుండానే అంది: “అమ్మా, ఇంకా బయలుదేరలేదు. కనీసం మలుపు తిరిగేదాకా ఆగు.”

మలుపు తిరిగేదాకా ఆగాను. ఆ తర్వాతా ఆగాను. నోరైతే మూసుకోగలను గాని, మనసుకి మూత ఎక్కడ పెట్టను?

నా భయం ఎక్కడిదో తెలియాలంటే గడిచిన వారం సంగతులు రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. కాత్రి విందులకీ ఆఫీసు సమావేశాలకీ వండి పంపుతుంది. బడి వంటింట్లో ముప్పైయొక్కేళ్ళు గరిటె తిప్పి రిటైరైన నేను తనకి సాయం. యార్నో చేపలు పడతాడు, వ్యాను నడుపుతాడు, మాట్లాడడు. అడవిలో చెట్లు కోసే యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటుంది. దాని యజమానురాలు తెల్లెర్వో గారు, తన ఆఫీసు మొత్తానికి రోజూ మధ్యాహ్నం భోజనం ఎవరు పంపాలో ఇవాళ్టి ఈ గురువారం విందు తిన్నాక చెబుతానంది. ఆ పని దొరికితే కాత్రి అద్దె వంటిల్లు నిలుస్తుంది. దొరక్కపోతే ఆకులు రాలే వేళకి తలుపుకి తాళమే.

పోయిన శనివారం కువోపియో పట్నంలో, ఒక పిల్ల పెద్ద పరీక్ష పాసైన సందర్భంగా విందు. బంగాళాదుంపల సలాడ్ వాసనేసిందని నేను గోలపెట్టి గంగాళం మొత్తం పారబోయించాను. వాసన సలాడ్‌ది కాదు, పక్కనున్న ముదురు జున్నుది. అతిథులకి తిండి చాలలేదు. ఆ ఇంటి గుమ్మంలోనే కాత్రి అంది: “ఇంకొక్కసారి నీ భయంతో నా పని చెడగొట్టావంటే నా వంటింట్లో అడుగుపెట్టకు.” నేను ఏడ్చుకుంటూ బస్సెక్కి ఒక్కదాన్నే ఇంటికొచ్చేశాను. వాళ్ళిద్దరూ అక్కడే ఉండి గిన్నెలు సర్దుకుని మర్నాడు వచ్చారు. ఆ శనివారం సాయంత్రమే పెద్ద ఉరుములు పట్టుకున్నాయి. మా పెద్దవాళ్ళు నేర్పినట్టే, ఇంట్లోనూ కొట్టంలోనూ ఒక్క ప్లగ్గూ వదలకుండా పీకేసి, వాన వెలిసేదాకా వంటింటి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వెలిశాక లేచి ఇంట్లోవన్నీ మళ్ళీ పెట్టాను. ఎంత ఏడుస్తున్నా జాగ్రత్త మాత్రం మరవలేదు, నేను లేకపోతే ఈ ఇల్లు ఏమైపోయేదో అని కూడా అనుకున్నాను.

అదీ సంగతి. ఇప్పుడు వ్యానులో నా ఒళ్ళో వంటకాల కాగితం ఉంది.

ఆ కాగితం మీద కాత్రి మూడు వారాలు కూర్చుంది. ఒక్కో రకం పిలుపుకి ఒక్కో పద్ధతి తనకి. ఇంటికి పిలిచి పెట్టే విందైతే బల్ల నడుమ ఒకటే పెద్ద పాత్ర ఉండాలట, అందరూ దాని చుట్టూ చేరి ఒకరికొకరు వడ్డించుకోవాలట. ఆఫీసు సమావేశమైతే ఒక చేత్తో పట్టుకుని తినేవి, గుడ్డ మీద కారనివి. రెండో చెయ్యి కాగితాలకి కావాలి కదా. అదే ఇవాళ్టిలా ఆవిరిస్నానం తర్వాత పెట్టే విందైతే ముందు ఉప్పగా, చల్లగా ఉండాలి. చెమట పట్టిన ఒళ్ళు ఉప్పడుగుతుంది, వేడి సూపు జోలికి ఎవరూ పోరు. అందుకే కాగితం మీద ఉప్పులో ఊరిన పుట్టగొడుగుల సలాడ్ ఉంది, బీట్‌రూట్ ఉంది, నల్ల రొట్టె, గుడ్డు కలిపిన వెన్న, కొత్త బంగాళాదుంపలు, చివర్న స్ట్రాబెర్రీ కేకూ కాఫీ ఉన్నాయి. అన్నిటికీ నడుమ పెద్ద అక్షరాలతో: ఉప్పూ సోయకూరా పట్టించిన చారల చేప.

“మాంసం ఉండలు పెడితే పోయేది కదే,” అన్నాను. మూడు వారాలుగా అంటూనే ఉన్నాను. “బాగా ఉడికినవి. ఎవరికీ ఏమీ కాదు.”

“‘ఎవరికీ ఏమీ కాదు’ అనేది వంటకం పేరు కాదమ్మా. తెల్లెర్వో గారు నోరు తెరిచి అడిగింది ఈ ఒక్క చేపే. వాళ్ళ నాన్న చేసి పెట్టేవాడట.”

“వాళ్ళ నాన్న కడుపులో ఏముందో ఎవరు చూశారు?”

కాత్రి పగలబడి నవ్వింది. నేను నవ్వడానికి అనలేదు. మా పెద్దమ్మ సరస్సు చేప పచ్చిగా తినీ తినీ కడుపులో బద్దెపురుగు పడి, ఒక శీతకాలమంతా పుల్లలా ఎండిపోయింది. ఇప్పుడు ఒక మాత్రతో పోతుందంటారు. పురుగు పోతుందేమో, పేరు పోతే తిరిగి రాదు కదా. ఉత్త ఉప్పుకి ఆ పురుగు చావదు. అందుకే ఇలాంటి చేపని ముందు రెండు రాత్రులు గడ్డకట్టించి, కరిగించి, అప్పుడు ఉప్పు పట్టిస్తాం. వండి అమ్మేవాళ్ళు తప్పించుకోడానికి లేని నియమం అది.

“గడ్డకట్టించారు కదూ?”

“పదకొండోసారి అడిగావు, పదకొండోసారి చెబుతున్నాను. పోయిన వారమే యార్నో పట్టి ఫ్రీజర్‌లో పెట్టాడు. ఇవాళ పొద్దున ముక్కలు తెచ్చిచ్చాడు, నేను ఉప్పు పట్టించాను. కదూ యార్నో?”

యార్నో గేరు మార్చాడు. చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు ఆపుకుంటున్నాడనుకున్నాను.

విడిది సరస్సు ఒడ్డున ఉంది. సాయంత్రం ఆరు దాటినా ఎండ బల్ల మీద తెల్లగా పరుచుకుని ఉంది. మేం గిన్నెలు దించేసరికే మగవాళ్ళ స్నానం వంతు అయిపోయింది. వాళ్ళు తడి జుట్టుతో వరండాలో కూర్చుని, యార్నో నిప్పుల మీద కాల్చే సాసేజీల కోసం చూస్తున్నారు. ఇక ఆడవాళ్ళ వంతు. తెల్లెర్వో గారు తువ్వాలు భుజాన వేసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చింది. మనిషి పొడుగు, మాట పొట్టి.

“కాత్రీ, ఏప్రన్ విప్పు. పద, ఆవిరిగదిలో పై బెంచీ మీద కూర్చుందాం. ఒప్పందం మాటలు బల్ల దగ్గర నాకు రావు.”

“వడ్డన సర్దాలండీ…”

“మీ అమ్మగారు ఉందిగా. ఏమంటావు సైమక్కా? బడిలో మూడొందలమందికి పెట్టిన చెయ్యి కదా నీది?”

“పెట్టానమ్మా. ఒక్కళ్ళకీ కడుపునొప్పి రాలేదు.”

తెల్లెర్వో గారు నవ్వింది. కాత్రి నవ్వలేదు. ఏప్రన్ విప్పి నా చేతిలో పెడుతూ చెవిలో అంది: “ఏదీ పారబొయ్యకు.”

వంటింట్లో ఒక్కదాన్నే మిగిలాను. పుట్టగొడుగులు గిన్నెలోకి తీశాను, రొట్టె కోశాను, బంగాళాదుంపల మీద వెన్న వేశాను. చివరికి చేప గిన్నె మూత తీశాను.

గడ్డకట్టి కరిగిన చేప ఎలా ఉంటుందో నా చేతులకి తెలుసు. నీరు వదులుతుంది. కత్తి పెడితే అంచు నలుగుతుంది, ముక్క పొరలు పొరలుగా విడుతుంది. ఇది నలగలేదు. కత్తి కింద బిగువుగా నిలబడి, గాజుపలకలా పల్చగా లేచి వచ్చింది. వేలితో నొక్కాను. గుంట పడి, వెంటనే పైకి లేచింది. గిన్నె వంచి చూశాను. అడుగున నీరు చెంచాడు కూడా లేదు.

చేప ఎంత బాగుందో నాకు అంత చలి పుట్టింది.

“అబ్బబ్బ, ఆ మెరుపు చూడు!” గుమ్మంలో ఓయ్వా. తెల్లెర్వో గారి తండ్రి కాలంనుంచి కంపెనీలో ఉన్న మనిషి, గుండ్రటి పొట్ట, తువ్వాలు మెడకి చుట్టుకుని ఉన్నాడు. “వదినగారూ, ఒక ముక్క ఇలా పడేద్దురూ.”

“బల్ల మీద పెట్టాక తిందురుగాని.”

“బల్ల దగ్గర మావాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుంటూ చర్చి గంట కోసం నిలబడ్డట్టు నిలబడతారు. మొదట తీసుకున్నవాడు తిండిపోతు అయిపోతాడని భయం. నేనిక్కడే మొదలెట్టేస్తే ఆ నింద నాకొచ్చి, వాళ్ళకి కడుపు నిండుతుంది.”

ముక్కలు పేర్చిన పళ్ళేన్ని రొమ్ముకి హత్తుకున్నాను. “ఇంకా ఊరలేదు.”

“ఊరలేదా? వాసన రేవు దాకా వస్తేనూ!”

“ఊరలేదన్నానా!”

“మా బడిలోనూ ఇలాంటి ఆవిడే ఉండేది,” అని గొణుక్కుంటూ రొట్టెముక్క పట్టుకుని వెళ్ళిపోయాడు.

పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాలుగడుగుల్లో చెత్తబుట్ట, నలభై అడుగుల్లో సరస్సు. పారేస్తే, చేప మంచిదైతే? మళ్ళీ సలాడ్ కథే. కూతురి వ్యాపారం పోతుంది, కూతురూ పోతుంది. పారెయ్యకపోతే, నా చేతులు చెప్పేది నిజమైతే? ఇరవై రెండుమంది. ఎటు అడుగేసినా గొయ్యే. బడిలో పైన ఒక అధికారి ఉండేవాడు, అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడు. ఇక్కడ నేను అడగాల్సిన మనిషి ఆవిరిలో కూర్చుని ఉంది.

పళ్ళెం మీద గుడ్డ కప్పి, ఫ్రిజ్‌లో పెట్టి, స్నానాల ఇంటికి నడిచాను. బట్టలు మార్చుకునే గదిలో ఆడవాళ్ళ చెప్పులు వరసగా ఉన్నాయి. లోపల ఆవిరి కోసం కాల్చిన రాళ్ళ మీద నీళ్ళు చుయ్యిమన్నాయి. తలుపు కొట్టాను.

“కాత్రీ, ఒక్క నిమిషం రా.”

లోపల మాటలు ఆగాయి. ఎవరో కిసుక్కుమన్నారు. కాత్రి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. ముఖం ఎర్రగా ఉడికిపోయి ఉంది, ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బిర్చ్ రెమ్మల ఆకు ఒకటి భుజానికి అంటుకుని ఉంది.

“ఏం మాడింది?”

“ఏమీ మాడలేదు. చేప…”

“అమ్మా.”

“అది గడ్డకట్టిన చేప కాదే. కోస్తే తెలిసింది. బిగువుగా ఉంది, నీరు వదల్లేదు, నిన్నోమొన్నో నీళ్ళలో ఈదినట్టుంది…”

“చేప బాగుందని చెప్పడానికి ఇక్కడిదాకా వచ్చావా?”

“బాగుండటమే నా భయం.”

కాత్రి కళ్ళు మూసుకుంది. తెరిచాక గొంతు తగ్గించింది. అరిస్తే బాగుండేది. “ఆవిడ లోపల ఏమడుగుతోందో తెలుసా? ఆగస్టునుంచి మొదలుపెట్టగలవా అని. నేను నోరు తెరిచేలోగా నువ్వు తలుపు కొట్టావు. నాకు ఏడేళ్ళప్పుడు ఈతకి పంపలేదు, మునిగిపోతానని. పదహారేళ్ళప్పుడు మోపెడ్ ఎక్కనివ్వలేదు. యార్నోని చూసి, మాట్లాడని మగాడు తాగుబోతవుతాడన్నావు. మొన్న సలాడ్. ఇవాళ చేప. నువ్వు భయపడినవాటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి జరిగిందా?”

జరగలేదు. నేను భయపడబట్టే జరగలేదని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఆ మాట ఆ గదిలో, ఆ చెప్పుల వరస ముందు, కూతురికి ఎలా చెప్పను?

“యార్నో గడ్డకట్టించాడు. యార్నో అబద్ధమాడడు.”

“అబద్ధమాడాలంటే మాట్లాడాలి కదే. ఇందాక వ్యానులో అడిగావు. అవునన్నాడా? నువ్వు విన్నావా?”

కాత్రి నుదుటి చెమట తుడుచుకుని బయటి తలుపు వంక చూసింది. ఆ ఒక్క క్షణం నా కూతురు నన్ను నమ్మింది, నేను చూశాను. అంతలో లోపలినుంచి తెల్లెర్వో గారి గొంతు:

“ఏమే కాత్రీ, వంటిల్లు తగలబడుతోందా?”

“లేదండీ,” అంది కాత్రి నా ముఖంలోకే చూస్తూ. “మా అమ్మ!”

లోపల అందరూ గొల్లుమన్నారు. కాత్రి తలుపు మీద చెయ్యేసి అంది: “అరగంటలో నేనే వచ్చి పళ్ళెం నేనే పెడతాను. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకు. నేను చెప్పింది గుర్తుంది కదా.”

గుర్తుంది. ఒక్క మాటా మరిచిపోలేదు.

బయటికొచ్చాను. యార్నోని అడుగుదామని నిప్పుల దగ్గరికి పోతూ వ్యాను పక్కగా నడిచాను. వెనక తలుపు తెరిచే ఉంది. ఖాళీ పెట్టెల కింద గోనెసంచి ఒకటి, దాని కింద నేల మీద తడి మరక. నేను మూటలు విప్పే మనిషిని కాను. విప్పాను. లోపల వల ఉంది. పోయిన వారం పట్టిన వల ఈపాటికి చువ్వలా ఎండి మేకుకి వేలాడాలి. ఇది తడిగా ఉంది, వల కన్నుల్లో చిక్కిన పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి.

నేరుగా నిప్పుల దగ్గరికి నడిచాను. యార్నో వంగి సాసేజీలు తిప్పుతున్నాడు.

“యార్నో, నాయనా. ఆ వల ఎందుకు తడిగా ఉంది?”

ఒక సాసేజీ తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు.

“వల సంగతి నేను కాత్రికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పు చాలు. ఆ చేపని గడ్డకట్టించావా?”

నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు, దొంగతనం లేదు. జాలి ఉంది. నా మీద. అది ఎందుకో నాకు అర్థం కాలేదు, అర్థం కానందుకు ఇంకా భయమేసింది.

స్నానాల ఇంటి తలుపు తెరుచుకుంది. ఆడవాళ్ళు నవ్వుకుంటూ విడిదిలోకి వెళ్ళారు. కాసేపటికి విందుగంట మోగింది. వరండాలో మగవాళ్ళూ లేచారు. ఎవరో యార్నో చేతిలోంచి సాసేజీల పళ్ళెం అందుకుపోయారు. ఇద్దరమే మిగిలాం, మా ఎదురుగా పెద్ద కిటికీ.

కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. తడి జుట్టు దువ్వుకున్న కాత్రి పళ్ళెం రెండు చేతులా పట్టుకొచ్చి బల్ల నడుమ పెట్టింది. సోయకూర పచ్చగా, చేప తెల్లగా. ఇరవై రెండుమందీ బల్ల చుట్టూ చేరారు. చేరి, నిలబడ్డారు. ఒకరు ప్లేటు అందుకుని మళ్ళీ దొంతర మీద పెట్టేశారు. ఒకరు కిటికీలోంచి సరస్సు చూస్తున్నట్టు నటించారు. ఓయ్వా చేతులు చాచి, “మీరు ముందు, కాదు మీరు ముందు,” అంటూ అందర్నీ తోస్తున్నాడు, తను మాత్రం అడుగు కదపడు. మావాళ్ళ సిగ్గుని నేను జన్మలో ఎన్నోసార్లు తిట్టుకున్నాను, సూపు చల్లారిపోతోందని. ఇవాళ ఆ సిగ్గు ఒక్కటే నాకు మిగిలిన గడువు.

“నాయనా, విను. గడ్డకట్టిందని నువ్వంటే ఇక్కడే కూర్చుని నోరు మూసుకుంటాను, ఇక ఎప్పటికీ నోరెత్తను. లేదని అంటే లోపలికి పోయి పళ్ళెం లాగేస్తాను, కాత్రి నన్ను తిట్టనీ, వెళ్ళగొట్టనీ. ఏదో ఒకటి చెప్పు. తెలియకుండా మాత్రం నా కూతురి చేతి పళ్ళెం మళ్ళీ లాగలేను.”

యార్నో నిప్పులకేసి చూస్తున్నాడు. ఒక కట్టె విరిగి నిప్పులోకి జారింది. నేను అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాను. చంటిపిల్ల పట్టుకున్నట్టు, గట్టిగా.

లోపల తెల్లెర్వో గారు ఏదో అంది. అందరూ నవ్వి దారిచ్చారు. ఆవిడ ప్లేటు అందుకుంది. మిగతావన్నీ దాటుకుని నేరుగా నడుమ పళ్ళెం దగ్గరికి వచ్చి, వంగి వాసన చూసి, ఎన్నో ఏళ్ళనాటిదేదో గుర్తొచ్చినట్టు కాత్రి వంక చూసి తలూపింది. కాత్రి ముఖం దీపంలా వెలిగింది. తెల్లెర్వో గారి చెయ్యి ఫోర్కు మీద పడింది.

“యార్నో!”

అతను పట్టుకారు కింద పెట్టాడు. నా వేళ్ళు ఒక్కొక్కటే తన చొక్కానుంచి విడిపించి, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పుడు అన్నాడు:

“శనివారం ఉరుములప్పుడు కొట్టంలో ఫ్రీజర్ ప్లగ్గు మీరు తీశారు, అత్తయ్యా. మళ్ళీ పెట్టలేదు. నిన్న సాయంత్రం మూత తీస్తే చేపంతా కుళ్ళి ఉంది. కాత్రికి తెలిస్తే మిమ్మల్ని ఇంక గుమ్మం తొక్కనివ్వదని చెప్పలేదు, ఉప్పు చాల్లే అనుకున్నాను. పొద్దున నాలుగింటికి వల తీశాను. ఆ పళ్ళెంలోవి అప్పుడు పడ్డవే.”